మా సొరుగు, మన సొరుగు

నమోదు 2206. తదియ, ఉదయం పోటు.

రెండో తెప్ప పాస్‌వర్డ్ మళ్ళీ మార్చాను. నెల రోజుల్లో ఇది తొమ్మిదోసారి. మార్చి, ఎల్లాజీని గుడిసె తలుపు దగ్గరికి పిలిచి చెవిలో చెప్పాను. ఎల్లాజీ రెండో తెప్పకు పెద్ద. చెవిలో పడ్డది చెవిలోనే ఉంచుకుంటానని గంగమ్మ మీద ఒట్టు కూడా వేశాడు. అతను బల్ల దాటి తన తెప్ప మీద కాలు పెట్టాడో లేదో, నాలుగో తెప్ప నుంచి ఒకావిడ నన్ను కేకేసింది. ఇక్కడ అప్ప అంటే అక్క.

"మానిక్కెమప్పా! రెండోతెప్ప పాసువర్డులో ఉన్నది ఏ ల? మామూలు లనా, మెలికేసిన ళనా?"

నేను ఏడవాలా, నవ్వాలా?

ఎల్లాజీని వెనక్కి పిలిచాను. "నీ ఒక్కడికే చెప్పాను కదయ్యా?"

"నానెవులికీ సెప్పనేదప్పా. మా బావమరిదికి తప్ప."

"మీ బావమరిది నాలుగో తెప్ప కదా!"

"నాలుగైతే ఏటి? ఆడు పరాయోడా? మన మడిసే గదా."

మన మడిసే గదా. ఈ మూడు ముక్కలే నా ప్రాణం తీస్తున్నాయి. ఏడు తెప్పలు, మూడు వందల కుటుంబాలు, తాళ్ళతో బల్లలతో ఒకదానికొకటి కట్టుకుని సముద్రం మీద ఉంటారు. నీళ్ళు ఊళ్ళను మింగాక పుట్టిన తరం. వీళ్ళకు గట్టు అంటే రోజుకు రెండుసార్లు ఫైళ్ళు పంపే చోటు, అంతే. పోటుకు ఒకసారి, పాటుకు ఒకసారి గట్టు నుంచి ఫైళ్ళు వస్తాయి. తుఫాను పటాలు, చేపల గుంపు ఎటు పోతోందో చెప్పే పటాలు, డాక్టరు రాసే మందు చీటీలు. అవన్నీ నా దగ్గరున్న సర్వర్‌లో పడతాయి. అందులో తెప్పకొక సొరుగు, సొరుగుకొక గ్రూపు పాస్‌వర్డ్. ఎవరి చేపల పటం వాళ్ళే చూడాలి, ఎవరి మందు చీటీ వాళ్ళకే అందాలి. లోపల ఏముందో చూసే హక్కు నాకు కూడా లేదు. తాళాలు వేయడం, తీయడం, ఎవరు లోపలున్నారో లెక్క చూడడం నా ఉద్యోగం. పన్నెండేళ్ళుగా అదే చేస్తున్నాను, పన్నెండేళ్ళుగా ఎవరూ తాళం వేసి ఉంచలేదు.

మూడో తెప్పవాళ్ళు పాస్‌వర్డ్‌ను బొగ్గుతో గోడమీద రాసుకున్నారు. అయిదో తెప్ప ఆడవాళ్ళు వల లాగేటప్పుడు దాన్ని పాటగా పాడుతున్నారు. రాగం కూడా బాగుంది, అదొక ఖర్మ.

మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని ఆలోచిస్తుంటే ఎల్లాజీ అన్న మాటే మళ్ళీ చెవిలో మోగింది. "మా బావమరిది." "మన మనిషి." మా అంటే వినేవాడు బయట. మన అంటే వినేవాడూ లోపలే. మన భాషలోనే తాళమూ ఉంది, తాళంచెవీ ఉంది. ఇంక టైపు చేసే పాస్‌వర్డులు ఎందుకు? మాట వినే యంత్రం గట్టుమీద ఆఫీసులో ఉందని విన్నాను. నాలుగు పేజీల అర్జీ రాసి సాయంత్రం పాటుకే పంపేశాను.

నమోదు 2221. పౌర్ణమి వెళ్ళిన మూడో రోజు.

వచ్చేసింది! అరచేతిలో పట్టే యంత్రం. సర్వర్ పక్కన గోడకు బిగించాను. గట్టుమీది ఆఫీసు ఏ పనైనా పదిహేను రోజుల్లో చేయడం నేను పుట్టాక ఇదే చూడడం. నా ఉత్తరాల పీడ వదిలించుకుందామని కాబోలు. సాంబమూర్తి గారు, అంటే అక్కడ నా పైఅధికారి, "మీ భాషాపరిజ్ఞానం ప్రశంసనీయం" అని రాశారు. ఆ రోజంతా నేను నేలమీద నడిస్తే ఒట్టు.

నియమాలు నేనే రాశాను. గుడిసెలోకి వచ్చినవాళ్ళ గొంతును బట్టి ఏ తెప్పో యంత్రం గుర్తుపడుతుంది. "మా సొరుగు" అంటే వాళ్ళ తెప్ప సొరుగు వాళ్ళకు మాత్రమే తెరుస్తుంది. "మన సొరుగు" అంటే ఆ గదిలో వింటున్నవాళ్ళ తెప్పకు కూడా తెరుస్తుంది. ఎవరినైనా పేరుపెట్టి "మా ఫలానా" అంటే ఆ ఫలానా మనిషి ఆ గ్రూపులో చేరినట్టు. కొత్త కోడళ్ళకూ పుట్టిన పిల్లలకూ పనికొస్తుందని అలా పెట్టాను. తీసేయాలంటే మాత్రం తెప్ప పెద్ద వచ్చి, ఆ మనిషి మొహం మీద "మా మనిషి కాదు" అనాలి. వీళ్ళకు పొద్దున కోపమొస్తే మధ్యాహ్నానికి పోతుంది. చాటుగా తీసేసే వీలిస్తే రోజుకొక అల్లుడి పేరు ఎగిరిపోతుంది. అలిగినవాడు తనంతట తాను వెళ్ళిపోయే వీలు కూడా లేకుండా చేశాను. మనిషి మాట చెల్లదు, తెప్ప మాటే చెల్లుతుంది.

మొదటిరోజు పదిహేడు మంది వచ్చారు. "మా సొరుగు" అన్నారు, ఫైలు తీసుకున్నారు, వెళ్ళారు. ఒక్క అరుపు లేదు. చాలా ఏళ్ళకు నేను పగలు కునుకు తీశాను.

నమోదు 2223. బహుళ పంచమి.

కునుకు తీసిన పాపం అప్పుడే పండింది.

ఎల్లాజీ వచ్చాడు. అప్పటికే అయిదో తెప్ప మనిషొకడు లోపల నిలబడి ఉన్నాడు. ఎల్లాజీ మర్యాదగా అతన్ని పలకరించి, "మన సొరుగులోకి తుపాను పటం వొచ్చిందేటి?" అన్నాడు. యంత్రం గంట కొట్టింది. రెండో తెప్ప సొరుగు అయిదో తెప్పకు తెరుచుకుంది.

"మా సొరుగు అనవయ్యా!" అని అరిచాను.

"ఎదురుగా మడిసుండగా మొగమ్మీద మా అంతే ఏటి బాగుంటాదప్పా? ఆడేటనుకుంటాడు?"

నిజమే. ఇది నాకెందుకు తట్టలేదు? గట్టుమీద మా ఇంట్లో కూడా ఎవరొచ్చినా "మనిల్లే అనుకోండి" అనేవాళ్ళం. వచ్చినవాడు నిజంగానే అలా అనుకుంటే ఏం చేసేవాళ్ళమో దేవుడికే ఎరుక. ఈ యంత్రం మాత్రం అలా అనుకుంటోంది.

పాటు వేళకు లెక్క చూస్తే పదకొండు తలుపులు తెరిచి ఉన్నాయి. ఒక్కొక్కటే మూశాను. ఇవి నేనే మూయొచ్చు, అదొక్కటీ నయం.

నమోదు 2227. బహుళ నవమి.

గోడకు కాగితం అంటించాను: "ఈ గదిలో మన అనరాదు." ఇప్పుడు జనం లోపలికి వచ్చి నోరు మూసుకుని, చేతులతో సైగలు చేస్తున్నారు. ఒకాయన సొరుగు చూపించి గుండె మీద చెయ్యి వేసుకుని నా వైపు గుడ్లప్పగించి చూశాడు. గుండె నొప్పేమోనని హడలిపోయాను.

ఇవాళ దాలమ్మ వచ్చింది. ఆరో తెప్ప పెద్ద ఆవిడ. కొడుకులు లేరు, ఒక్కతే కూతురు పైడమ్మ, తెప్పల అడుగున నాచు గీకే పని చేస్తుంది. దాలమ్మ ఎప్పుడొచ్చినా ఏదో ఒకటి తెస్తుంది. ఇవాళ వేయించిన వంజరం ముక్కలు తెచ్చింది. నేను లెక్కల్లో ఉండి తర్వాత తింటానన్నాను.

"సూడండర్రా," అంది వెనకున్నవాళ్ళతో. "మా మానిక్కెం తిండి మానీసి మిసను ముందల కూకుంతాది. కల్లు పీక్కుపోనాయి సూడు."

గంట మోగింది. "మాణిక్యం, ఆరో తెప్ప మనిషి. చేర్పు నమోదైంది."

నాకు ఒళ్ళు మండిపోయింది. తాళాలు వేసేదాన్ని నన్నే ఒక సొరుగులో పెట్టి మూస్తే ఇంక నా ఉద్యోగానికి అర్థమేమిటి? దాలమ్మను తిట్టాను. ఆవిడ పడీపడీ నవ్వింది. "మంచిదే గదేటే, ఒంటిగత్తెవి" అంది. అది అంతటితో ఆగితే బాగుండేది. వెనకున్న ఏడో తెప్ప మనిషి, ఆరో తెప్పకు అంత గొప్పేమిటనుకున్నాడో ఏమో, "ఏం, మా మానిక్కెం గాదా?" అన్నాడు. మళ్ళీ గంట.

రాయకూడనిది కూడా రాస్తున్నాను, ఇది ఎలాగూ ఎవరూ చదవరు. అందరూ వెళ్ళాక ఆ యంత్రం పలికిన ముక్కను మళ్ళీ వినిపించుకున్నాను. మాణిక్యం, ఆరో తెప్ప మనిషి. నేను గట్టుమనిషిని. నా గుడిసె ఏ తెప్పకూ చెందదు, మూడుకూ నాలుగుకూ మధ్య రెండు తాళ్ళమీద ఊగుతూ ఉంటుంది. పన్నెండేళ్ళలో నన్ను ఫలానా తెప్ప మనిషి అని ఎవరూ అనలేదు, అనాల్సిన అవసరమూ రాలేదు. మూడుసార్లు విన్నాను. తర్వాత చేప తిన్నాను.

నమోదు 2230. బహుళ ద్వాదశి.

ఏడు తెప్పలూ పూర్తయ్యాయి. చివరిది మూడో తెప్ప. దాని పెద్ద ముసలి పైడమ్మ, డెబ్భై ఏళ్ళు దాటాయి, కర్ర పొడుచుకుంటూ పనిగట్టుకుని బల్ల దాటి వచ్చి, యంత్రం ముందు నిలబడి, "మా మానిక్కెం" అని చెప్పి వెళ్ళింది. తన తెప్ప ఒక్కటే వెనకబడిపోయిందని పోటీ!

ఏడు గ్రూపుల్లోనూ ఒకే మనిషి ఉండేసరికి యంత్రం ఏడూ ఒకే ఇల్లనుకుంది. ఏడు సొరుగులు కలిసి ఒకటయ్యాయి. మూయబోతే మూతపడలేదు. సాంబమూర్తి గారికి రాశాను. "వాడుకరులకు తగిన శిక్షణ ఇవ్వవలసినది" అని జవాబు వచ్చింది. ఎవరికయ్యా శిక్షణ? మూడు వందల కుటుంబాలకు మర్యాద మానుకోమని శిక్షణ ఇవ్వాలా?

నమోదు 2233. అమావాస్య.

దాలమ్మ కూతురు పైడమ్మ పొద్దున తెప్ప అడుగున స్పృహ తప్పింది. పక్కన ఇంకో అమ్మాయి ఉండబట్టి జుట్టు పట్టుకుని పైకి లాగింది. ఒళ్ళంతా చెమటలు, పళ్ళు బిగుసుకుపోయాయి. దాలమ్మ బెల్లం నీళ్ళు పట్టి పట్టి గంటకు కళ్ళు తెరిపించింది.

పైడమ్మకు ఇరవై ఆరేళ్ళు. పదేళ్ళప్పటి నుంచి షుగరు. రోజూ ఇన్సులిన్ సూది పడాలి, పడకపోతే బతకదు. ప్రతి తెప్ప మీదా ఒక మందు మిషను ఉంది. డాక్టరు పంపిన చీటీని సొరుగులోంచి చదువుకుని తెల్లవారేసరికి సూది నింపి పెడుతుంది. పైడమ్మ మోతాదు ఎనిమిది. ఇవాళ మిషను నలభై నింపింది.

నలభై ఎవరిదో నాకు అడగకుండానే తెలిసింది. ముసలి పైడమ్మది. ఆవిడకూ షుగరే. తెప్పల మీద ఆడపిల్ల పుడితే పైడితల్లి పేరు పెట్టని ఇల్లుండదు. సొరుగులు వేరుగా ఉన్నన్నాళ్ళూ ఏ పైడమ్మ చీటీ ఆ తెప్పలో ఉండేది. ఇప్పుడు ఒకే సొరుగు, ఒకే పేరు, రెండు చీటీలు. వెనక వచ్చినదాన్ని ఉంచి ముందుదాన్ని యంత్రం చెరిపేస్తోంది. మొదటి రెండు రోజులూ చిన్నదాని చీటీ వెనక వచ్చి ముసలావిడకు ఎనిమిదే పడి ఉంటుంది, ఎవరూ గమనించలేదు.

సూదికి సీలు ఉంటుంది. గుచ్చితే మొత్తం దిగుతుంది, సగంలో ఆపే వీలు లేదు. మిషను సొరుగు మాట తప్ప ఎవరి మాటా వినదు. గట్టుకు పడవలో తీసుకుపోదామంటే అమావాస్య పోటు, కెరటాలు నా గుడిసె రేకుల కప్పు దాకా లేస్తున్నాయి. మూడు రోజుల దాకా పడవ దిగదు.

చీటీలో ఆ అమ్మాయి పేరు "చిన్న పైడమ్మ" అని మార్చి పంపమని అత్యవసరంగా రాశాను. పాటుకు జవాబు వచ్చింది. రోగి పేరు మార్పుకు నిర్ణీత దరఖాస్తు, గుర్తింపు పత్రం జతపరచవలెను. పదిహేను పనిదినములు పట్టును. చిత్తగించవలెను.

చిత్తగించాను సాంబమూర్తి గారూ. మీ ఇంట్లో పైడమ్మలు లేనట్టున్నారు.

నమోదు 2234. పాడ్యమి.

ఇవాళ కూడా మిషను నలభై నింపింది. ఆ సూది వేయలేదు. ఏ సూదీ వేయలేదు. మధ్యాహ్నానికి పైడమ్మ వాంతులు చేసుకుంది, ఎగశ్వాస మొదలైంది. రేపు తెల్లవారి కూడా ఎనిమిది పడకపోతే ఆ పిల్ల దక్కదు. రేపటి చీటీలు ఇవాళ సాయంత్రం పాటుకు వస్తాయి. ఆలోపు సొరుగులు విడిపోవాలి.

యంత్రాన్ని పీకేసినా కలిసినవి కలిసినట్టే ఉంటాయి, విడదీసే దారి ఒక్కటే ఉంది. అది నేను రాసిందే. నా పేరు ఏడు గ్రూపుల నుంచీ పోవాలి. ముందు నేనే యంత్రం ముందు నిలబడి "నేను ఏ తెప్ప మనిషినీ కాను" అన్నాను. "మనిషి మాట చెల్లదు. తెప్ప మాట చెల్లుతుంది" అంది. నా మాటే నా మొహాన కొట్టింది. పోనీ ఒక్క తెప్ప కాదంటే సరిపోతుందా అంటే, అదీ లేదు. కలిసిన సొరుగు విడిపోవాలంటే ఏడుగురూ కాదనాలి. ఉమ్మడి ఆస్తి పంపకానికి అందరి సంతకాలూ కావాలన్నట్టు, ఇది గట్టుమీద ఎవరో అతితెలివి మనిషి చేర్చిన నియమం.

ఏడుగురు పెద్దల్నీ పిలిపించాను. విషయం చెప్పాను. యంత్రం ముందు నిలబడి, నా మొహం చూసి, "మాణిక్యం మా మనిషి కాదు" అనండి, ఒక్కొక్కరికి ఒక్క క్షణం పని అన్నాను.

ఎల్లాజీ గొంతు సవరించుకున్నాడు. "అప్పా, ఆ మాట ఏటో నీకు తెల్దు. ఈ తెప్పల మీద ఆ మాట రెండుపాల్లే అన్నారు. ఇద్దర్నీ పడవెక్కించి, తాడు కోసీసి అన్నారు. మల్లీ ఆలు కనబడనేదు."

"నన్నెవరూ పడవెక్కించరు. యంత్రం కోసం అనమంటున్నాను."

"యంత్రం ఇంతాది సరే. గంగమ్మ ఇనదా?"

నా తలప్రాణం తోకకొచ్చింది. అక్కడ పిల్ల ఎగశ్వాస పెడుతుంటే ఇక్కడ వీళ్ళకు గంగమ్మ వింటుందని భయం. అరిచాను. ఏమేం అన్నానో గుర్తులేదు, గుర్తున్నది రాయలేను.

ముసలి పైడమ్మ కర్ర పక్కన పెట్టి లేచింది. "నానంతాను. ఆ గుంట బతకాల. పాపమొస్తే నాకే రానీ, ఇంకెన్నాల్లు మోస్తాను?" నా మొహం చూసింది. "మానిక్కెం మా మడిసి కాదు." గంట మోగింది. వెంటనే రెండు చేతులతో లెంపలు వాయించుకుంది. ఆ చప్పుడుకు నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

తర్వాత ఒక్కొక్కరే. ఒకాయన సముద్రం వైపు చూస్తూ అంటే యంత్రం ఒప్పుకోలేదు, మొహం చూసి అనాలి. ఒకావిడ "మా మడిసి కాదు గానీ..." అని గానీ దగ్గర ఏడ్చేసింది, అదీ చెల్లలేదు. ఎల్లాజీ ఎంతో కష్టపడి నోరు తెరిచి, "మానిక్కెం మా మడిసి కాదేటి?" అన్నాడు. యంత్రం, "రెండో తెప్ప మనిషే. ధ్రువపడింది" అంది.

"కాదేటి అని అడగకయ్యా! కాదు అను!"

"నోరు దానంతటదే అలగంతందప్పా!"

మూడోసారికి అన్నాడు. అని, బయటికి వెళ్ళి బల్లమీద కూలబడ్డాడు. అలా ఆరుగురు అయ్యారు.

మిగిలింది దాలమ్మ. ఎవరి కూతురి కోసం ఇదంతా జరుగుతోందో ఆవిడే. గోడకు ఆనుకుని కూర్చుంది, కదలదు.

"దాలమ్మా, పాటుకు గంట కూడా లేదు."

"నా వొల్ల కాదే. నా బిడ్డను బతికించడానికి నిన్ను తోసీమంతావా? నువ్వే గదే దాని కోసం ఇంత సేస్తన్నావు. నా నోటితో ఎలగంతాను?"

బతిమాలాను. చేతులు పట్టుకున్నాను. తల అడ్డంగా ఊపుతూనే ఉంది. బయట నీళ్ళు వెనక్కి తీస్తున్న చప్పుడు వినిపిస్తోంది. మంచిమాటతో ఈవిడ అనదని నాకు అర్థమైంది.

"నీ మనిషినా నేను?" అన్నాను. "ఎప్పటి నుంచి? పన్నెండేళ్ళలో ఎన్ని తుఫాన్లు వచ్చాయి? నీ తెప్ప మీదికి ఒక్కసారైనా రమ్మన్నావా? ఈ రేకుల గుడిసెలో తాడు నడుముకు కట్టుకుని నేను కూర్చుంటే, బతికుందా చచ్చిందా అని ఎవరైనా చూశారా? గాలి తగ్గాక రెండు చేపముక్కలు తెచ్చి పడేస్తే సరిపోయిందా? నీ చేతి చేప నాకెప్పుడూ సయించలేదు. నువ్వు అటు వెళ్ళగానే నీళ్ళలో పారబోసేదాన్ని. నీ కొంపలో పడుకోవడం కన్నా సముద్రంలో పడుకోవడం నయం."

మొదటి మాట కావాలనే అన్నాను. రెండోదీ కావాలనే. తుఫాన్ల మాట దగ్గరికి వచ్చేసరికి లెక్క తప్పింది. అవి అప్పటికప్పుడు అల్లినవి కావు, పన్నెండేళ్ళ నుంచి లోపలున్నవి. చేప పారబోశానన్నది మాత్రం పచ్చి అబద్ధం.

దాలమ్మ లేచింది. మొహం పాలిపోయింది. "సీ! నోరా అది? కడుపులో ఇంత పెట్టుకుని నా సేతి కూడు తిన్నావా? నువ్వు మా మడిసివి కాదే. కాదు. ఎప్పుడూ కాదు!"

గంట మోగింది. ఏడు సొరుగులు విడిపోయాయి.

ఆవిడ ఆ గంట విన్నదో లేదో, వెనక్కి చూడకుండా బల్ల దాటి వెళ్ళిపోయింది. పాటుకు చీటీలు వచ్చాయి. రెండు పైడమ్మలు, రెండు సొరుగుల్లో. లోపల చూసే హక్కు నాకు లేదు. ఎక్కడివక్కడ పడ్డాయో లేదో పేర్లు మాత్రం పదిసార్లు చూసుకున్నాను.

నమోదు 2236. తదియ, ఉదయం పోటు.

నిన్న తెల్లవారి మిషను ఎనిమిది నింపింది. ఇవాళ కూడా ఎనిమిదే. పైడమ్మ లేచి కూర్చుని గంజి తాగిందని ఎల్లాజీ వచ్చి చెప్పాడు. యంత్రాన్ని గోడ మీద నుంచి పీకి పెట్టెలో పెట్టాను. టైపు చేసే పాస్‌వర్డులే మళ్ళీ ఇప్పించమని, తప్పు నాదేనని సాంబమూర్తి గారికి రాశాను. జవాబు పదిహేను పనిదినాలకు గానీ రాదు.

దాలమ్మ రాలేదు. నిన్న రాలేదు, ఇవాళా రాలేదు. ఆ గంట ఎందుకు మోగిందో ఆవిడకు తెలుసు, నేనెందుకు అలా అన్నానో కూడా ఈపాటికి తెలిసే ఉంటుంది. కానీ నేను అన్నవాటిలో సగం నిజమని కూడా తెలుసు. అదే నన్ను కూర్చోనివ్వలేదు. సూది సరిగ్గా పడుతోందా లేదా చూసిరావడం నా ఉద్యోగమే కదా అని నాకు నేనే చెప్పుకుని బల్ల దాటాను.

ఆరో తెప్ప మీద దాలమ్మ గుమ్మం ముందు కత్తిపీట వేసుకుని వంజరం కోస్తోంది. నన్ను చూసి లేచి నిలబడింది. చేతులు కడుక్కుంది. లోపలి నుంచి కొత్త చాప తెచ్చి పరిచింది.

"రండి," అంది. "కూకోండి. నీల్లు తాగతారా?"

పన్నెండేళ్ళలో ఆవిడ నన్ను మీరు అనడం ఇదే మొదలు. ఏమే, ఒసే, దిక్కుమాలినదానా, ఇన్ని పిలుపులు విన్నాను.

"పైడమ్మకు ఎలా ఉంది?" అన్నాను.

"బాగుందండి. మీ దయ."

లోపల పైడమ్మ తడిక మీద చెయ్యి పెట్టి నిలబడి మా ఇద్దర్నీ చూస్తోంది. మొహంలో రక్తం లేదు గానీ కళ్ళు తేటగా ఉన్నాయి. నేను చాప మీద కూర్చోలేదు. నిలబడ్డాను. పారబోశానన్నది అబద్ధం అని చెప్పాలా, తుఫాను సంగతి నిజమని చెప్పాలా? చివరికి ఒళ్ళుమండింది. ఆవిడ మీదో, నా మీదో, గట్టుమీది ఆఫీసు మీదో తెలియదు.

కాలితో చాపను పక్కకు తోసి, నేలమీద చతికిలబడి, కత్తిపీట నా వైపు లాక్కున్నాను. సగం కోసిన వంజరం తీసి కోయడం మొదలుపెట్టాను.

దాలమ్మ నిలబడి చూస్తూ ఉంది. నేను తల ఎత్తలేదు. ఒక ముక్క కోశాను. రెండో ముక్క కోశాను. మూడోది కోస్తుంటే ఆవిడ నా పక్కన గొంతుక్కూర్చుంది.

"ఏటే ఆ కోత? అంత లావుముక్కలు ఎలగుడుకుతాయి? కల్లు నేవా నీకు?" అంది. "ఇలగియ్యి. సేత కాకపోతే అటు జరుగు."

జరిగాను.